మే నెలలో మఫ్లర్ మొదలుపెట్టకండి, మసిగుడ్డ అల్లండి

రాజమండ్రిలో ఉంటాను, ఏడాదిలో ముప్పావు వంతు ఉక్కపోతే, కొత్తగా నిట్టింగ్ నేర్చుకోవాలనుంది, తేలికగా ఏం అల్లొచ్చు అని అడిగారు. ఎవర్ని అడిగినా ముందు మఫ్లర్ అల్లమంటున్నారని కూడా రాశారు. ఆ ఒక్క ముక్క చూసే జవాబు రాయడానికి కూర్చున్నాను. నేను మొదలుపెట్టింది మఫ్లర్‌తోనే. అదీ విజయవాడలో. అదీ రోహిణి కార్తెలో.

1999 సంగతి. రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఒక పంజాబీ ఆంటీ ఉండేవారు. టీవీ చూస్తూ, గుమ్మంలో కూరగాయలతనితో బేరమాడుతూ, చేతుల వంక చూడకుండా అల్లేసేవారు. నాకు కొత్తగా పెళ్లయింది, మధ్యాహ్నాలు పొద్దుపోయేది కాదు. నాకూ నేర్పండి అన్నాను. ఆవిడ వాళ్ల ఊరి చలిని తలుచుకుని ఇచ్చారో ఏమో, మెరూన్ రంగు ఊలు ఉండ, రెండు అల్యూమినియం సూదులు చేతిలో పెట్టి, 30 కుట్లు ఎక్కించి, "సీదా, సీదా, అంతా సీదాయే. ఉల్టా సంగతి తర్వాత" అన్నారు. సీదా అంటే నిట్టింగ్‌లో మామూలు కుట్టు, ఉల్టా అంటే దాన్నే తిరగేసి అల్లేది. ఆవిడ పక్కన కూర్చున్నంతసేపూ బాగానే వచ్చింది.

ఇంటికొచ్చి కూర్చున్నాక రెండింటికి కరెంటు పోయింది. నాలుగు వరసలకే అరచేతులు చెమటలు పట్టాయి. దాన్ని ఊలు అంటాం గానీ అది ఆక్రిలిక్. చెమట తగిలితే సూది మీద జారదు, కీచుమంటుంది. సూది మొనను తోసి తోసి చూపుడువేలు కొస మీద గుంట పడింది. సూదుల నలుపు వేళ్లకి అంటుకుంది, వేళ్ల నలుపు ఊలుకి అంటుకుంది. అల్లినదంతా ఒళ్లోకే దిగుతుంది కదా, జానెడు మఫ్లర్ కూడా ఆ ఎండలో ఒళ్లో పిల్లి పడుకున్నట్టే ఉంది. కుచ్చిళ్లు తడిసిపోయాయి. అయినా పంతం కొద్దీ సాయంత్రం దాకా అల్లాను. తీరా లెక్కపెడితే 30 కుట్లు 41 అయ్యాయి. కిందేమో బెత్తెడు, పైకి వచ్చేసరికి విప్పారిన విసనకర్ర.

(అలా ఎందుకు పెరుగుతాయో మర్నాడు ఆంటీ చెప్పారు. వరస తిప్పినప్పుడు దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్లూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది. కొత్తవాళ్లం ఆ రెండూ అల్లేస్తాం. దారాన్ని సూది కిందుగా తేవాలి. ఇది మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను, నాలా ఒక రోజు పోగొట్టుకోకుండా.)

అప్పుడే అత్తయ్యగారు కాఫీ తాగుతూ అడిగారు, "ఏమ్మాయ్, విశేషమా?" అని. ఇదొక గోల మనవాళ్లతో. ఆడపిల్ల చేతిలో రెండు సూదులు కనిపిస్తే చాలు, నెల తప్పిందనే లెక్క. పాత సినిమాల పుణ్యం అది. ఆ వారంలో నలుగురు అడిగారు నన్ను. మీరూ సిద్ధంగా ఉండండి.

విశేషమేం లేదండీ, మఫ్లర్ అన్నాను. ఆవిడ విసనకర్రను అటూ ఇటూ తిప్పి చూసి, "బెజవాడలో మఫ్లర్ ఎవరి మెడకి? మన మసిగుడ్డ చిల్లులు పడి ఏడుస్తోంది, అదన్నా అల్లకూడదూ" అన్నారు. నాకు రోషం వచ్చింది. కుట్లు మూసేసి, ఆ విసనకర్రనే నాలుగు మడతలు పెట్టి, ఇదిగో మసిగుడ్డ అని రాత్రి అన్నం గిన్నె దించబోయాను. వేలాడుతున్న కొస స్టవ్ మంటకి తగిలింది. అది బట్టలా అంటుకోలేదు, కరిగింది. గిన్నె అంచుకి మెరూన్ రంగు లక్కలా పట్టుకుని, ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు. నా చేతికేం కాలేదు గానీ, ఆ మరక మాత్రం గిన్నెకి ఉండిపోయింది. మా ఆయన ఆ వారమంతా "ఇవాళ ఊలు పులుసా?" అని అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి నా జవాబు: నూలు దారం, చదరపు ముక్క, మసిగుడ్డ. మొదటి అల్లికకి ఇంతకంటే మంచిది లేదని నేను పందెం కాస్తాను. చిన్నది కాబట్టి ఒళ్లో వేడి పుట్టదు. తప్పులు పడినా గిన్నెకి తెలీదు. రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ముఖ్యంగా, ఇంట్లో రోజూ వాడతారు. బీరువాలో దాచిన మఫ్లర్ చూసి ఎవరికి హుషారు పుడుతుంది?

దారం దొరకడమే కష్టం. అప్పుడు ఆంటీ, నేను బీసెంట్ రోడ్డంతా తిరిగాం. అడిగిన ప్రతి షాపులోనూ "చలికాలంలో రండమ్మా" అన్న మాటే. మాకు కావాల్సింది నూలు బాబూ అంటే, లేసు అల్లే సన్న దారం తీసి చూపిస్తారు. అది ఒంటిపోగున వద్దు, మీ కళ్లు పోతాయి. నిట్టింగ్ కాటన్ అని నాలుగు పోగులది ఉంటుంది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరుకుతోంది. మసిగుడ్డకి ఆ దారాలు రెండు జంటగా పట్టుకుని అల్లండి, వేడి ఆగుతుంది. నూలుకి ఊలులా సాగి మళ్లీ ముడుచుకునే గుణం లేదు, బిగించి అల్లితే మణికట్టు నొప్పి పుడుతుంది. వదులుగా పోనివ్వండి. సూదులు వెదురువి తీసుకోండి. నున్నటి నూలు లోహం మీద జారిపోతుంది, వెదురు పట్టుకుంటుంది.

అల్లే పద్ధతి చెప్తాను. 4 కుట్లు ఎక్కించి ఒక వరస సీదా అల్లండి. అక్కడి నుంచి ప్రతి వరసలోనూ రెండు సీదా, తర్వాత దారాన్ని ఒకసారి సూది మీదకి వేసుకోవడం, మిగిలినవన్నీ సీదా. అలా వేసుకున్న దారమే కొత్త కుట్టు, వరసకి ఒకటి పెరుగుతుంది. నా మఫ్లర్‌లో తప్పు అయినదే ఇక్కడ పద్ధతి! 44 కుట్లయ్యాక తగ్గించుకుంటూ రండి: ఒకటి సీదా, రెండు కలిపి ఒకటిగా, దారం వేసుకోవడం, మళ్లీ రెండు కలిపి ఒకటిగా, మిగిలినవి సీదా. 4 మిగిలాక ముగించండి. మూల నుంచి మూలకి పెరుగుతుంది కాబట్టి, నిలువు ఎంత అడ్డం ఎంత అనే లెక్కల్లేకుండానే దాదాపు జానెడు చదరం వస్తుంది. అంచున వరసగా చిన్న చిల్లులు పడతాయి, చూసినవాళ్లు డిజైన్ అనుకుంటారు. అనుకోనివ్వండి. వేడి గిన్నెకి మాత్రం రెండు మడతలు వేసి పట్టుకోండి. తడి మసిగుడ్డతో ఎప్పుడూ పట్టుకోకండి, నీరు వేడిని సర్రున లోపలికి తెచ్చేస్తుంది.

ఇదే ముక్క జంట దారంతో కాకుండా ఒకే దారంతో అల్లితే ఒళ్లు రుద్దుకోవడానికి బాగుంటుంది. మడిచి రెండు పక్కలా కుట్టేస్తే అరిగిపోయిన సబ్బు ముక్కలు వేసుకునే సంచి. కూరగాయల వల సంచి కూడా అల్లొచ్చు గానీ రెండో నెలలో చూడండి. నేను తొందరపడి అల్లాను, రెండు కిలోల ఉల్లిపాయలు వేసేసరికి సాగి సాగి, ఇంటికొచ్చేలోపు మోకాళ్ల దాకా దిగింది. నూలు సంచి కాడ బరువుకి సాగుతుంది, కాబట్టి బెత్తెడు పొట్టిగా అల్లుకోవాలి.

మీ అమ్మమ్మది నరసాపురం వైపని, ఆవిడ లేసు అల్లేవారని, అందుకే మీకు త్వరగా వచ్చేస్తుందని నమ్మకంగా రాశారు. కొంచెం ఆగండి. మన భాషలో ఇదొక చిక్కు. జడ అల్లినా, వైరు బుట్ట అల్లినా, లేసు అల్లినా, స్వెటర్ అల్లినా ఒకటే మాట. నరసాపురం లేసు క్రోషా. ఒకే సూది, దాని కొసన కొక్కెం, చేతిలో ఉండేది ఒకటి రెండు కుట్లే. అది జారినా మళ్లీ దొరకబుచ్చుకోవచ్చు. నిట్టింగ్‌లో వరసలో కుట్లన్నీ సూది మీదే బతుకుతాయి, ఒకటి జారిందా, నిచ్చెన మెట్లలా కిందిదాకా విడిపోతుంది. రెండూ వేరు విద్యలు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మన ఎండకి తగ్గ అల్లిక ఏమిటో ఆ గోదావరి ఆడవాళ్లకి నూరేళ్లకి ముందే తెలుసు: సన్న నూలు, నిండా గాలి ఆడే చిల్లులు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లేవాళ్ల చేతికి దక్కే కూలి సంగతి అడిగితే మళ్లీ నాకు కోపం వస్తుంది, ఇక్కడ వద్దు.

మా అత్తయ్యగారికి ఆ వేసవిలోనే నూలుతో తెల్ల మసిగుడ్డ అల్లి ఇచ్చాను. రెండు రోజులు వాడి, "తెల్లది ఎందుకే, మసి కనిపిస్తోంది. ఈసారి ముదురు రంగు చూడు" అన్నారు. ఆవిడ నోట మెప్పు అంటే అంతే. తర్వాత ఆరు అల్లించుకున్నారు, రెండు ఆడపడుచు ఇంటికి వెళ్లాయి.

సూదులు కొనేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన షాపుల్లో చాలావరకు పాత ఇంగ్లీషు నంబర్లే ఉంటాయి, అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా వీడియోల్లో 8 అంటే 5. నంబరు చెప్పకండి, మిల్లీమీటర్లు చెప్పి అడగండి. ఒకే దారానికి 4, జంట దారానికి నాలుగున్నర. ముదురు రంగు దారం తీసుకోండి.