పాఠకుల ప్రశ్నలు: జిమ్ ఖరీదెంత?

మార్క్ ట్వేన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ మీద నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: తాగుబోతు తండ్రి బారి నుంచి తప్పించుకున్న తెల్ల కుర్రాడు హక్, యజమానురాలు తనను అమ్మబోతోందని విని పారిపోయిన నల్లజాతి బానిస జిమ్, ఒకే తెప్ప మీద మిసిసిపీ నదిలో దిగువకు పోతారు. కథాకాలం 1830, 40 దశకాలు. అచ్చయింది ఇంగ్లండ్‌లో 1884 డిసెంబరులో, అమెరికాలో 1885 ఫిబ్రవరిలో.

హక్ బానిసత్వాన్ని ఎదిరించిన వీరుడని గైడులో రాశారు. నవలంతా వెతికినా బానిసత్వం తప్పని వాడు ఒక్కసారన్నా అనడే! ఏందిది? (డిగ్రీ విద్యార్థి, గూడూరు)

గైడు పక్కన పెట్టండి, మీరు చదివిందే సరైంది. హక్ ఆ మాట ఎక్కడా అనడు. ఆ ఆలోచనే వాడికి రాదు.

31వ అధ్యాయం మళ్లీ తీయండి. దారిలో తెప్ప ఎక్కిన మోసగాళ్లు జిమ్‌ను పట్టి ఇచ్చేశారు. తనకు ఏ అపకారమూ చెయ్యని ముసలామె, అంటే జిమ్ యజమానురాలి సొత్తును దొంగిలించానని హక్ కుమిలిపోతాడు. కాగితం, పెన్సిలు తీసుకుని ‘మీ జిమ్ ఫలానా చోట ఉన్నాడు’ అని ఆమెకు చీటీ రాస్తాడు. రాయగానే పాపమంతా కడిగేసినట్టు మనసు తేలికపడుతుంది. ఈ వాక్యాన్ని చాలామంది దాటేస్తారు. బానిసను పట్టివ్వడమే పుణ్యమని వాడికి నేర్పారు, ఆ పుణ్యం వాడికి హాయిగానే ఉంది. ఆ తర్వాతే జిమ్ గుర్తొస్తాడు: హక్ నిద్ర చెడకూడదని అతని వంతు కాపలా కూడా తానే కాసిన జిమ్. చేతిలో చీటీ వణుకుతుంది. సరే, నరకానికే పోతానని చింపేస్తాడు. వాడి లెక్కలో అది తిరుగుబాటు కాదు, చెడిపోవడం.

మంచి మనసుకూ వంకరపోయిన అంతరాత్మకూ పోటీ పడితే అంతరాత్మ ఓడిపోయే పుస్తకమని ట్వేన్ 1895లో రాసుకున్నాడు. దానికి రుజువు 33వ అధ్యాయంలో ఉంది. జిమ్‌ను విడిపించడానికి స్నేహితుడు టామ్ సాయర్ సాయం చేస్తాననగానే హక్‌కు టామ్ మీద గౌరవం తగ్గిపోతుంది! మంచి ఇంటి పిల్లవాడు ఇంత నీచానికి దిగుతాడా అని వాడి బాధ. పరీక్షలో ఈ రెండు చోట్లూ కలిపి రాస్తే గైడు వాక్యం అక్కర్లేదు.

మిస్సోరీ ఎదురుగడ్డ ఇల్లినాయ్‌లో బానిసత్వం లేదు కదా. ఏరు దాటితే సరిపోయేదానికి దక్షిణానికి పోవడం కథలో లొసుగు కాదా? (పాఠకుడు, కందుకూరు)

కాదు. ఇల్లినాయ్‌లోనూ పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించేవాళ్లు. జిమ్ తల మీద అప్పటికే 300 డాలర్ల బహుమతి ఉంది. అందుకే ఒహాయో నది కలిసే కైరో దాకా పోయి, తెప్ప అమ్మి, స్టీమర్ మీద ఒహాయోలో ఎగువకు, బానిసత్వం లేని రాష్ట్రాల్లోకి పోవాలనుకున్నారు. 15వ అధ్యాయంలో మంచు కమ్మింది, కైరో తప్పిపోయింది. ఆ సంగతి వాళ్లకు నీళ్లు చూశాక తెలుస్తుంది: ఒడ్డు వెంబడి ఒహాయో తేటనీళ్లు, అవతల మిసిసిపీ బురదనీళ్లు. అక్కణ్నుంచి తెప్ప కదిలేకొద్దీ బానిసత్వం మరింత గట్టిగా ఉన్న నేలలోకే.

నల్లవాళ్లను తిట్టే ఆ మాట నవలలో 200 సార్లకు పైగా వస్తుందట. తరగతిలో ఎలా చెప్పాలి? నిషేధించమన్నవాళ్లదే న్యాయమా? (ఇంటర్ అధ్యాపకురాలు, కావలి)

నిషేధాలన్నీ ఒకటి కావు. 1885లో అమెరికాలోని కాన్‌కార్డ్ లైబ్రరీ ఈ పుస్తకాన్ని తీసేసింది మోటుగా, అలగాగా ఉందని; నల్లవాళ్ల మీద ప్రేమతో కాదు. 1957లో న్యూయార్క్ విద్యాబోర్డు కింది తరగతుల పాఠ్యపుస్తకాల జాబితా నుంచి తొలగించినప్పటికి అభ్యంతరం జాతి గురించి. తెల్లపిల్లల మధ్య కూర్చుని ఆ మాట పదేపదే వినాల్సిన నల్లపిల్ల బాధను ‘సాహిత్యం అర్థం కాలేదు’ అని కొట్టిపారేయడం అన్యాయం. మన తరగతిలో కులం పేరు తిట్టుగా పడితే ఏ పిల్లవాడు తల దించుకుంటాడో మీకు తెలియంది కాదు.

2011లో ఒక ప్రచురణలో ఆ మాట తీసి ‘బానిస’ అని పెట్టారు. అది అన్నిచోట్లా అతకదు. 6వ అధ్యాయంలో హక్ తండ్రి తిట్టిపోసేది ఒహాయో నుంచి వచ్చిన కాలేజీ ప్రొఫెసర్‌ను; అతను స్వతంత్రుడు, సొంత రాష్ట్రంలో ఓటున్నవాడు. అతనికి ఓటుందని తెలిసి, తానిక ఓటే వెయ్యనంటాడు ఈ తాగుబోతు.

కాబట్టి పుస్తకం ఉంచండి, పద్ధతి మార్చండి. మొదటి పీరియడ్‌లో కథ జోలికి పోకుండా తేదీలు చెప్పండి: బానిసత్వం రద్దయింది 1865లో, దక్షిణాదిలో నల్లవాళ్ల హక్కులకు కేంద్రం సైన్యంతో కాపు కాసిన కాలం ముగిసింది 1877లో, ట్వేన్ ఈ నవల మొదలుపెట్టింది 1876లో, ముగించింది 1883లో. అంటే చట్టం పోయినా బుద్ధి పోని రోజుల్లో రాశాడు. ఆ మాటను మీరు పైకి అనొద్దు, ఏ పిల్లచేతా చదివించొద్దు. అక్కడ ఆగి ముందుకు పోతే చాలు. తర్వాత 32వ అధ్యాయంలోని చిన్న సంభాషణ ఒక్కటి బోర్డు మీద రాయండి. స్టీమర్‌లో పేలుడు జరిగిందని హక్ అబద్ధం చెబుతాడు. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని టామ్ వాళ్ల శాలీ పిన్ని అడుగుతుంది. లేదు, ఒక నల్లవాడు చచ్చాడంటాడు. పోనీలే, ఒక్కోసారి మనుషులకు కూడా తగులుతాయి అంటుందామె. ఆమె చెడ్డది కాదు, అన్నం పెట్టే మనిషి. మాట ఎవరిది, వింటున్నదెవరు, ఆ ఇద్దరికీ కనబడనిదేమిటి అని పిల్లల్ని అడగండి.

పాఠం దెబ్బతినేది జిమ్‌ను చూసి తరగతి నవ్వే చోట: 2వ అధ్యాయంలో మంత్రగత్తెల కథ, 14వ అధ్యాయంలో సొలొమోను రాజు వాదన. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడిన హాస్యనాటకాల అచ్చులో జిమ్‌ను పోశారని నల్లజాతి రచయిత రాల్ఫ్ ఎలిసన్ 1958లో అన్నాడు. ఆ ముసుగు వెనక నుంచే జిమ్ హుందాతనం కనబడుతుందనీ అన్నాడు. అందుకే 14 చెప్పిన రోజే 15 కూడా చెప్పాలి. మంచులో తప్పిపోయి తిరిగొచ్చిన హక్ అదంతా కలేనని ఆట పట్టిస్తే జిమ్ ముఖాన కొట్టినట్టు మాట్లాడతాడు. హక్ పోయి క్షమాపణ అడుగుతాడు.

చివరి పది అధ్యాయాలూ విసుగు. ట్వేన్ చేతులెత్తేశాడా? (పాఠకురాలు, ఒంగోలు)

చాలావరకు అవును. జిమ్ దొంగిలించబడ్డ చోటే ఆపెయ్యమని అమెరికన్ రచయిత హెమింగ్వే 1935లోనే చెప్పాడు. జిమ్‌కు విడుదల రాసిపెట్టి యజమానురాలు రెండు నెలల కిందటే చనిపోయింది. తెలిసీ టామ్ సాహసం సరదా కోసం అతన్ని కొట్టంలో ఉంచుతాడు, ఎలుకల్నీ పాముల్నీ తోడిస్తాడు. చదవడానికి నిజంగానే ఓపిక కావాలి.

అయినా ఒక్క పని చేస్తూ చదవండి. పక్కన కాగితం మీద డబ్బు లెక్క రాసుకోండి. జిమ్‌కు బానిసల వ్యాపారి ఇస్తానన్నది 800 డాలర్లు. పారిపోయాక బహుమతి 300. 16వ అధ్యాయంలో బానిసల వేటగాళ్లు హక్ చేతిలో పెట్టింది 20, 20. మోసగాళ్లు జిమ్‌ను అమ్ముకుంది 40కి. టామ్‌కు తుపాకి గుండు తగిలితే, చేతికందిన స్వేచ్ఛ వదులుకుని జిమ్ సేవ చేసినందుకు డాక్టరు మెచ్చి అతనికి కట్టిన విలువ 1000. చివర టామ్ ‘ఓపిగ్గా ఖైదీగా ఉన్నందుకు’ జిమ్ చేతిలో పెట్టింది మళ్లీ 40. జిమ్ సంతోషిస్తాడు. ఆ సంతోషం మింగుడు పడకపోతే మీరు సరిగ్గానే చదివారు.

ఇది మన కులం కథేనంటే ఒప్పుకుంటారా? (పాఠకుడు, కనిగిరి)

సగం వరకే. దక్షిణాది తెల్లవాళ్ల ఇళ్లలో వంట చేసిందీ పిల్లల్ని సాకిందీ నల్లవాళ్లే. ముట్టుకుంటే మైల అనే గొడవ అక్కడ ముఖ్యం కాదు, ఆస్తి ముఖ్యం. మన దగ్గర గొడవ నీళ్ల దగ్గర, గ్లాసు దగ్గర. 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో దళితుల హత్యలకు దారితీసిన తగాదా మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. ఆ రెంటినీ ఒకటి చేస్తే రెండూ సరిగ్గా అర్థం కావు.

కలిసేది 18వ అధ్యాయంలో. పగబట్టిన రెండు పెద్దింటి కుటుంబాలు మోకాళ్ల మధ్య తుపాకులు పెట్టుకుని చర్చిలో సోదర ప్రేమ మీద ప్రసంగం వింటాయి. ఎంత బాగా చెప్పారో అని దారి పొడుగునా మెచ్చుకుంటాయి. మర్నాడే కాల్చుకుంటాయి.

తెలుగులో దొరుకుతుందా? (పాఠకురాలు, ఉదయగిరి)

నండూరి రామమోహనరావు అనువాదం ఉంది. ఇంగ్లిషు ప్రతి కొనేటట్టయితే 43 అధ్యాయాలూ ఉన్నదే తీసుకోండి. పిల్లల కోసం కుదించిన ప్రతి అయితే ముందు 6, 16, 31 తిప్పి చూడండి. అవి లేకపోతే కొనొద్దు.