నౌకాదళం కొన్న సామగ్రిని గమ్యం చేర్చే ఉద్యోగాలు: చీమకుర్తి తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ బ్లాకులను ట్రెయిలర్ల మీద కృష్ణపట్నం ఓడరేవుకు పంపే పని చూసుకుంటాను. మా అమ్మాయి ఒంగోలులో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. నౌకాదళం కొత్తగా కొన్న ఆయుధాలను, పరికరాలను తయారీదారుల దగ్గర నుంచి దళానికి చేర్చే రంగంలో స్థిరపడాలని అంటోంది. బీకాం చదివిన పిల్లకు అక్కడ చోటుంటుందా? అది మగవాళ్ల పని కాదా?

సమాధానం: చోటుంది. ముందుగా మీ రెండో సందేహం తీరుస్తాను. వైద్య విభాగం వెలుపల నౌకాదళం మహిళలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. అప్పుడు వారికి తలుపులు తెరిచిన విభాగాలలో విద్య, న్యాయంతో పాటు లాజిస్టిక్స్ (సామగ్రి సేకరణ, నిల్వ, రవాణా చూసే విభాగం) కూడా ఉంది. అర్హత కలిగిన మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (పదవీ విరమణ వరకు కొనసాగే అధికారి హోదా) ఇవ్వాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. కాబట్టి ఆడపిల్ల అన్న కారణంతో ఆమెను వెనక్కి లాగవద్దని మిమ్మల్ని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇక పని సంగతి. నౌకాదళం కొన్నవాటిలో కొన్ని తమంతట తామే నడిచి వస్తాయి. అమెరికా నుంచి కొన్న ఐఎన్ఎస్ జలాశ్వ అనే యుద్ధనౌక 2007 జూన్‌లో నార్ఫోక్‌లో మన దళంలో చేరి, మన నావికులతోనే విశాఖపట్నం చేరుకుంది. బోయింగ్ సంస్థ తయారుచేసిన పీ-8ఐ సముద్ర నిఘా విమానాలలో మొదటిది 2013 మేలో మనకు దగ్గరలోనే ఉన్న అరక్కోణం రాజాళి స్థావరానికి ఎగిరి వచ్చింది. అయితే వాటికి అవసరమైన విడిభాగాలు, పరీక్షా పరికరాలు, ఆయుధాలు పెట్టెలలోనే రావాలి. దేశంలో తయారయ్యేవాటి పరిస్థితీ ఇదే. హరిద్వార్‌లోని బీహెచ్ఈఎల్‌లో తయారైన 76 మిల్లీమీటర్ల నౌకా ఫిరంగి సముద్రతీరంలోని నౌకా నిర్మాణ కేంద్రానికి చేరాలంటే ముందుగా వందల కిలోమీటర్ల నేలదారి దాటవలసిందే.

ఈ ప్రయాణంలో లారీ, ఓడ, విమానం కనిపించే భాగం మాత్రమే. అసలు పని, ఏ క్షణంలో బాధ్యత ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కాగితం మీద తిరుగులేకుండా నిరూపించగలగడం. కర్మాగారంలో పంపే ముందటి తనిఖీ జరుగుతుంది. ఎఫ్ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) ఒప్పందమైతే ఎగుమతి చేసే రేవులో సరుకు ఓడ మీదికి ఎక్కడంతో సరఫరాదారు బాధ్యత తీరిపోతుంది కనుక, ఆ తరువాతి నష్టానికి బీమా ఎవరు చేయించాలో కొనుగోలుదారు ముందే తేల్చుకోవాలి. మన దేశంలో దిగిన రక్షణ సరుకును విడిపించేందుకు ముంబయి, చెన్నై, కోల్‌కతాలలో ఎంబార్కేషన్ హెడ్‌క్వార్టర్లు అనే సైనిక కార్యాలయాలు ఉన్నాయి. తూర్పు తీరంలో చివరికి అది విశాఖలోని మెటీరియల్ ఆర్గనైజేషన్ అనే నౌకాదళ స్టోర్ల కేంద్రానికో, ఆయుధమైతే నేవల్ ఆర్మమెంట్ డిపో అనే ఆయుధ గిడ్డంగికో చేరుతుంది. అక్కడ ఇరుపక్షాల సమక్షంలో పెట్టెలు తెరిచి, ప్యాకింగ్ లిస్టుతో సరిచూసి, తేడా ఉంటే ఒప్పందం చెప్పిన గడువులోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. గడువు దాటితే పరిహారం అడిగే హక్కు చేజారే ప్రమాదం ఉంది.

మీ వ్యాపారంలో బ్లాకు అంచు విరిగితే కంటికి కనిపిస్తుంది. నీటి అడుగున ఉన్నవాటిని ధ్వనితో గుర్తించే సోనార్ పరికరపు భాగానికి తేమ తగిలినా, క్షిపణి పెట్టె దారిలో గట్టిగా అదిరినా పైకి ఏమీ తెలియదు. అందుకే పెట్టెలకు అదురును నమోదుచేసే పరికరాలు, తేమను చూపే సూచికలు అమరుస్తారు. వాటి రీడింగును ప్రతి మజిలీలోనూ రాసిపెట్టే మనిషి మీదే మిగతా అందరూ ఆధారపడతారు. పేలుడు పదార్థాలైతే జాగ్రత్త ఇంకా పెరుగుతుంది. సముద్ర రవాణాకు వర్తించే ఐఎండీజీ కోడ్ ప్రమాదకర సరుకులను 9 తరగతులుగా విభజించింది. పేలుడు పదార్థాల కోసం కేటాయించిన మొదటి తరగతిలో మళ్లీ 6 ఉపవిభాగాలు, ఏది దేని పక్కన ఉండవచ్చో చెప్పే అక్షరాల గుర్తులు ఉన్నాయి. లెక్కల పుస్తకంలో అణా తేడాను వెతికి పట్టుకునే ఓపిక ఉన్న బీకాం విద్యార్థికి ఈ పని బాగా నప్పుతుందని నా నమ్మకం.

మీ అమ్మాయికి నేను ముందుగా సూచించే దారి నౌకాదళంలోని షార్ట్ సర్వీస్ కమిషన్ (నిర్ణీత కాలానికి ఇచ్చే అధికారి హోదా) లాజిస్టిక్స్ అధికారి ఉద్యోగం. ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం ఫస్ట్ క్లాస్ బీకాంతో పాటు ఫైనాన్స్, లాజిస్టిక్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్, మెటీరియల్ మేనేజ్‌మెంట్‌లలో ఒకదానిలో పీజీ డిప్లొమా ఉండాలి. ఫస్ట్ క్లాస్ ఎంబీఏ ఉన్నా సరిపోతుంది. వయోపరిమితి 25 ఏళ్ల దరిదాపుల్లోనే ముగుస్తుంది కాబట్టి డిగ్రీ తరువాత ఏళ్లు వృథా చేయకూడదు. ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష దాటినవారికి కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో శిక్షణ ఉంటుంది. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: లాజిస్టిక్స్ అధికారి ఆయుధాల రవాణా ఒక్కటే చూడరు. నౌకలోని వారి భోజనం, జీతభత్యాలు, స్టోర్లు కూడా ఆ అధికారి బాధ్యతలే. ఆ మాట విన్న తరువాత కూడా ఆమె ఇష్టం మారకపోతే ఇక సందేహించనక్కరలేదు.

యూనిఫాం వద్దనుకుంటే, చెన్నైలో కస్టమ్స్ బ్రోకరు (సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే ఏజెంటు) దగ్గర, పరీక్ష అక్కరలేని ఉద్యోగులకు ఇచ్చే హెచ్ కార్డుతో చేరి, పరీక్ష రాసి పై స్థాయి జీ కార్డు సంపాదించవచ్చు. దిగుమతి యంత్రాల బిల్ ఆఫ్ ఎంట్రీలు (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రాలు), బీమా క్లెయిములు చేతితో చేసి నేర్చుకున్న అనుభవానికి రక్షణ సరఫరా సంస్థలలో విలువ ఉంటుంది. నౌకాదళ స్టోర్లలోని పౌర ఉద్యోగాలకు ఇన్‌సెట్ (ఇండియన్ నేవీ సివిలియన్ ఎంట్రన్స్ టెస్ట్) పేరుతో పరీక్ష జరుగుతుంది. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే, యూపీఎస్‌సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ద్వారా నౌకాదళ మెటీరియల్ మేనేజ్‌మెంట్ సర్వీసులో చేరే అవకాశాన్నీ పరిశీలించమనండి.

డిఫెన్స్ లాజిస్టిక్స్‌లో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి రుసుము వసూలుచేసే కొద్ది వారాల కోర్సులకు దయచేసి డబ్బు కట్టవద్దు. పీజీ డిప్లొమా ఇచ్చే సంస్థకు గుర్తింపు ఉందో లేదో నోటిఫికేషన్‌లోని షరతులతో సరిచూశాకే చేర్చండి. ఈ సెలవుల్లో ఆమెను మీతో రేవు కార్యాలయానికి తీసుకువెళ్లి, ఒక్క కన్‌సైన్‌మెంటుకు సంబంధించిన కాటా చీటీ, ఇ-వే బిల్లు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ సంస్థ ఇచ్చే పత్రం) వరుసగా చూపించండి. ఇప్పటివరకు పూర్తయిన సెమిస్టర్ల మార్కుల శాతం రాసి పంపితే, ఫస్ట్ క్లాస్ అందుతుందో లేదో చూసి, డిప్లొమా మంచిదో ఎంబీఏ మంచిదో చెబుతాను.