చెట్టు మీద చెక్కిన ఒక్క మాట

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఫ్రీమాంట్ నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా కారులో వెళ్ళి, మోర్మన్ పయనీర్ల, అంటే పడమటికి వలస నడిచిన ఆ మతంవాళ్ళ, స్మారక ఫలకం ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, ఇంటికొచ్చి పదకొండు పేజీలు రాశావు. నీ ఓపికకి ముచ్చటేసింది. 1846 ఫిబ్రవరిలో ఇల్లినాయ్‌లోని నావూ పట్నం వాళ్ళు వదిలిన దగ్గర్నుంచి, 1847 జూలై 24న వాళ్ళ నాయకుడు బ్రిగమ్ యంగ్ సాల్ట్ లేక్ లోయలోకి దిగేదాకా ఆ 1,300 మైళ్ళ కథ వరసగా ఉంది. కానీ అందులో నువ్వెక్కడా కనపడలేదమ్మా. ఫలకాల మీద ఏముంటే అది తెలుగులోకి దించావు. మొదట్లో నేనూ అలాగే రాసేదాన్ని. అందుకే ఎక్కడెక్కడ దించావో ఇట్టే తెలిసిపోయింది.

ఫలకం కూడా ఒకరు కూర్చుని రాసిన రచనే. ఇరవై లైన్లలో సరిపెట్టాలి, ఎవరో డబ్బు పెట్టాలి, పదిమందీ సరేననాలి. అందుకని నేను కింది నుంచి చదువుతాను. ఎవరు పెట్టించారు, ఏ సంవత్సరంలో? మన శాసనాలు చదివేవాళ్ళు కూడా వేయించిందెవరో ముందు చూస్తారు కదా. ఈ ఫలకాల్లో చాలావాటి కింద డాటర్స్ ఆఫ్ యూటా పయనీర్స్ అనో, సన్స్ ఆఫ్ యూటా పయనీర్స్ అనో ఉంటుంది. మొదటిది 1901లో, రెండోది 1933లో పుట్టింది. అంటే నడిచొచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు పెట్టించినవి. వాళ్ళ ప్రేమ ఆ మాటల్లో ఉంటుంది. చెప్పడానికి వాళ్ళకి మనసొప్పని సంగతి కూడా ఆ మాటల్లోనే దాక్కుని ఉంటుంది.

సాల్ట్ లేక్‌లో బ్రిగమ్ యంగ్ స్మారకం మీదున్న పేర్ల పట్టికని ఫోటో తీశావు. మొదటి బృందంలో 143 మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు అని సరిగ్గానే రాశావు. నీ ఫోటోనే ఒకసారి జూమ్ చేసి చూడు. గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ అనే ముగ్గురి పేర్లు విడిగా ఉంటాయి. వాటికి ఇచ్చిన శీర్షికకి అర్థం 'నల్లజాతి పనివాళ్ళు' అని. పనివాళ్ళంటే జీతం తీసుకుంటారు, వద్దనుకుంటే మానేస్తారు. ఈ ముగ్గురూ బానిసలు. ఆ ఒక్క మాట దగ్గర నువ్వు ఆగి ఉంటే వ్యాసం అక్కడే మొదలయ్యేది. 2022లో అదే ఊళ్ళో, దిస్ ఈజ్ ది ప్లేస్ పార్కులో, ఈ ముగ్గురికీ అదే 1847లో వచ్చిన జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి ఆవిడకీ విగ్రహాలు పెట్టారు. పట్టికకీ విగ్రహాలకీ మధ్య వందేళ్ళు దాటిపోయాయి. రాయాల్సిన కథ ఆ మధ్యలో ఉంది.

ఇక తిరుగు ప్రయాణంలో 88వ నంబరు రోడ్డు మీద నువ్వు ఆగిన ట్రాజెడీ స్ప్రింగ్ సంగతి. నాకు అన్నిటికన్నా బాధేసింది అక్కడే. 'ఇండియన్లు ముగ్గురిని చంపేశారు' అని, అంటే ఇక్కడి మూలవాసులే చంపేశారని, ఒక్క లైన్‌లో తేల్చేశావు.

అసలు జరిగింది ఇది. మెక్సికో యుద్ధానికని అమెరికా సైన్యంలోని మోర్మన్ బెటాలియన్‌లో చేరి కాలిఫోర్నియా దాకా నడిచిన కొందరు, 1848 వేసవిలో సాల్ట్ లేక్‌లో ఉన్న తమవాళ్ళ దగ్గరికి బయల్దేరారు. సియర్రా కొండల్లో బండ్లు పోయే దారి వెతకడానికి డేనియల్ బ్రోవెట్, ఎజ్రా ఆలెన్, హెండర్సన్ కాక్స్ ముందుగా వెళ్ళారు. మళ్ళీ రాలేదు. వెనక వచ్చినవాళ్ళకి ఒక ఊట పక్కన కొత్తగా కప్పెట్టిన గుంట కనిపించింది. తవ్వి చూస్తే ముగ్గురూ అందులోనే ఉన్నారు. రాళ్ళు పేర్చి సమాధి కట్టి, పక్కనున్న చెట్టు మీద వాళ్ళ పేర్లూ, జూన్ 27 అనే తేదీ చెక్కారు. ఇండియన్లు చంపి పూడ్చారని 'అనుకుంటున్నాం' అనే అర్థం వచ్చేలా చెక్కారు.

పచ్చి మాను మీద అక్షరాలు చెక్కడం ఎంత కష్టమో ఊహించు. ఎవరైనా ఒక అక్షరం తగ్గించుకోవాలనే చూస్తారు. తోటివాళ్ళ శవాలు చూసిన కోపం ఉంది, ఏడుపు ఉంది, ముందు ఇంకా ఎంతో దారి ఉంది. అయినా సరే, కళ్ళతో చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి, ఆ మాట పూర్తిగా చెక్కారు. వాళ్ళు చెమటోడ్చి పెట్టిన మాటని నువ్వు తీసేశావు. తీసేస్తే ఏమైందో చూడు, వాషో అనే మూలవాసులు తరతరాలుగా తిరిగిన కొండల మీద ఒక అనుమానం కాస్తా తీర్పు అయిపోయింది.

ఆ మాను ముక్క ఇప్పుడు కొలోమాలో, బంగారం దొరికిన చోట కట్టిన మ్యూజియంలో ఉంది. నేను మొదటిసారి దాని ముందు నిలబడినప్పుడు ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆలెన్ బంగారు పొడి దాచుకున్న సంచి ఆ ఊట దగ్గరే దొరికింది. అది చివరికి ఆయన భార్య శారా చేతికి చేరితే, ఆవిడ అందులోంచి కొంత తీసి ఉంగరం చేయించుకుంది.

కొలోమా ఎలాగూ వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. అక్కడ బంగారం 1848 జనవరి 24న బయటపడిందని మనకి తెలిసింది హెన్రీ బిగ్లర్ డైరీ వల్ల. అక్కడ కడుతున్న రంపపు మిల్లులో పనిచేస్తున్న బెటాలియన్ మనిషే ఆయన. బంగారం అనే మాటకి స్పెల్లింగ్ తప్పు రాశాడు పాపం. కానీ ఆ రోజు సంగతి ఆ రోజే రాశాడు. బంగారాన్ని మొదట చూసిన జేమ్స్ మార్షల్‌కే తర్వాత తేదీ సరిగ్గా గుర్తులేదు. భాష గురించి నువ్వు పడుతున్న టెన్షన్ కాస్త పక్కన పెట్టి, చూసింది చూసిన రోజే రాసుకో.

దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. మా ఫోల్సమ్ సరస్సు అడుగున మోర్మన్ ఐలండ్ అనే ఊరుంది. 1848లో బెటాలియన్ వాళ్ళు అక్కడ బంగారం కనుక్కున్నాక వెలిసింది, 1856లో కాలిపోయింది, మిగిలిందేదో డ్యామ్ నీళ్ళ కిందికి పోయింది. ముంపు ఊరంటే ఏమిటో శ్రీశైలం చూసిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 2014 కరువులో నీళ్ళు బాగా తగ్గిపోతే మా అబ్బాయితో కలిసి దిగి నడిచాను. పునాది రాళ్ళ వరస, తుప్పు పట్టిన మేకులు, గాజు పెంకులు. ఏదీ తీసుకెళ్ళకూడదు, చూసి రావాలంతే.

ఆ చుట్టుపక్కల ముంపులో పోయే సమాధులని 1954లో ఎత్తు మీదికి తెచ్చి శ్మశానం చేశారు. అందులో నీగ్రో హిల్ అనే ఊరి నుంచి తెచ్చినవి 36. పేరు తెలియని ఆ మనుషుల రాళ్ళ మీద ఊరి పేరుకి బదులు నల్లవాళ్ళని తిట్టే మాట చెక్కారు. ఆ రాళ్ళు 2011 దాకా అలాగే ఉన్నాయి. అప్పుడు గానీ మార్చలేదు. ఇప్పుడు వెళ్తే సరైన పేరున్న కొత్త రాళ్ళే కనిపిస్తాయి. రాయి మార్చారన్న సంగతి రాయి మీద చదివితే తెలిసేది కాదు. అడగాలి, పాత పేపర్లు తిరగేయాలి.

మాట గురించే ఇంకొకటి. 'మోర్మన్' అనకుండా తమ పూర్తి పేరుతో పిలవమని 2018లో ఆ చర్చి పెద్దలు కోరారు. పాత దారికి, పాత ఊళ్ళకి ఆ పేరు ఉంచు. ఇవాళ్టి మనుషుల గురించి రాసేటప్పుడు లేటర్ డే సెయింట్స్ అని రాయి. మర్యాదగా ఉంటుంది.

నువ్వు రోజూ మీ అక్క కొడుకుని దించే హోర్నర్ స్కూలు ఉంది చూడు, ఆ పేరు జాన్ హోర్నర్‌ది. నావూ ఖాళీ అవడం మొదలైన 1846 ఫిబ్రవరి 4నే న్యూయార్క్ నుంచి మోర్మన్లతో బ్రూక్లిన్ అనే ఓడ బయల్దేరింది. కేప్ హార్న్ చుట్టి దాదాపు ఆరు నెలలకి ఇవాళ్టి శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. దారిలో పుట్టిన ఇద్దరు పిల్లల పేర్లలో ఒకరికి అట్లాంటిక్, ఇంకొకరికి పసిఫిక్ కలిపారు. హోర్నర్, ఆయన భార్య ఎలిజబెత్ ఆ ఓడలోనే వచ్చారు. బంగారం రోజుల్లో ఆయన ఇప్పుడు మీ ఫ్రీమాంట్‌లో ఉన్న మిషన్ శాన్ హోసే దగ్గర బంగాళాదుంపలు పండించి బాగా గడించి, తర్వాత అంతా పోగొట్టుకున్నాడు. నువ్వు యూటా దాకా వెళ్ళొచ్చావు గానీ ఈ కథ నీ ఇంటి పక్కనే ఉంది. సోమవారం పిల్లాణ్ణి దించాక వెంటనే వెనక్కి తిప్పకు. కారు దిగి ఆ వీధులన్నీ ఒకసారి నడువు. ఎక్కడ పొలాలు ఉండి ఉంటాయో ఆలోచించు. ఆ సాయంత్రమే ఒక పేజీ రాసి నాకు పంపు.

వచ్చే నెల మొదటి శనివారం మా ఇంటికి రా. పొద్దున ముందు శ్మశానం చూసి, అక్కణ్ణుంచి కొలోమా వెళ్దాం. పులిహోర నేను కడతాను. నోట్‌బుక్ తెచ్చుకో, ఫోన్లు కారులోనే పెట్టేద్దాం.

ప్రేమతో,
అత్తయ్య
ఫోల్సమ్