డోసు పెంచుతున్నా థైరాయిడ్ అదుపులోకి రావట్లేదు.. ఎందుకు?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మకు 56 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్, ఆరేళ్లుగా షుగర్ ఉన్నాయి. ఏడాదిలో థైరాక్సిన్ డోసు 75 నుంచి 125 మైక్రోగ్రాములకు పెంచారు. అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తపరీక్షలో పెరిగే అంకె) 12 దగ్గరే ఉంది. పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర (పాంటాప్రజోల్ 40), షుగర్ మాత్ర (గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసినది), కాల్షియం అన్నీ ఒకేసారి కాఫీతో వేసేసుకుంటుంది. గ్యాస్ మాత్ర మోకాళ్ల నొప్పులకు మందులు వాడినప్పుడు మొదలై మూడేళ్లుగా నడుస్తోంది. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. శనివారం ఒక్కపొద్దు ఉన్నప్పుడు పదకొండు గంటలకల్లా చెమటలు పట్టి వణుకు వస్తోంది. థైరాయిడ్ డోసు ఇంకా పెంచాలా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు శనివారం సంగతి చూద్దాం. టీఎస్‌హెచ్ కన్నా నాకు దాని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. గ్లిమెపిరైడ్ పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. దాని పని రోజంతా సాగుతుంది. కాబట్టి ఆ చెమటలు, వణుకు షుగర్ పడిపోతున్న గుర్తులే కావచ్చు. ఈసారి అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. మీటర్ చేతిలో లేకపోతే దాని కోసం ఆగకుండా చక్కెర ఇచ్చేయండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. ఒక్కపొద్దు రోజు ఉదయం తినకుండా ఈ మాత్ర వేసుకోకూడదు. ఆ రోజు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో వచ్చే శనివారం లోపే డాక్టరును అడిగి రాయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే సాధారణంగా షుగర్ ఇలా పడిపోదు. రెండూ కలిసిన మాత్ర కావడం వల్లే ఈ జాగ్రత్త.

ఇక థైరాయిడ్. డోసు పెంచే ముందు మాత్ర ఒంటికి పడుతోందా అన్నది చూడాలి. థైరాక్సిన్‌ను పీల్చుకునేది చిన్నపేగు. కాల్షియం, ఐరన్ పేగులోనే దానిని పట్టేసి రక్తంలోకి వెళ్లనివ్వవు. అందుకే వాటికీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్పులకూ అదే లెక్క. కాఫీ కూడా మందు ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. మాత్ర బాగా కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, పాంటాప్రజోల్ దానిని తగ్గించేస్తుంది. మీ అమ్మగారి విషయంలో ఈ మూడూ ఒకే గుక్కలో కలిశాయి.

లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర ఒక్కటే, మంచినీళ్లతో వేయించండి. గంట తర్వాత కాఫీ. షుగర్ మాత్ర టిఫినుతో పాటే, ఇడ్లీ ప్లేటు ఎదురుగా ఉన్నప్పుడే. కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత. పొద్దున కాఫీ లేకుండా గంటసేపు ఉండలేను అంటే, రాత్రి తిన్న మూడు గంటలకు, పడుకునే ముందు థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళకు వేసుకోవాలి.

మూడేళ్ల గ్యాస్ మాత్ర గురించి గట్టిగానే చెబుతాను. మామూలు ఎసిడిటీకి ఇది నాలుగు నుంచి ఎనిమిది వారాల మందు. ఆపమని ఎవరూ చెప్పక మన ఇళ్లల్లో ఏళ్ల తరబడి సాగిపోతోంది. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు వాడేవారికి, అల్సర్‌తో రక్తస్రావమైనవారికి అది అవసరమే. మీ అమ్మగారు ఇప్పుడు నొప్పి మాత్రలు వాడకపోతే, దానిని తగ్గించి ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్లు మంట ఎక్కువై, మళ్లీ మాత్ర వెతుక్కునే పరిస్థితి వస్తుంది. కొనసాగించాల్సి వస్తే టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి.

తిమ్మిర్లకు షుగర్, థైరాయిడ్ రెండూ కారణం కావచ్చు. కానీ మెట్‌ఫార్మిన్, పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గవచ్చు, దానివల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. ఆ పరీక్ష తప్పక చేయించండి. దాంతోపాటు క్రియాటినిన్ కూడా చూడాలి, ఎందుకంటే కిడ్నీల పనితీరును బట్టే మెట్‌ఫార్మిన్ డోసు ఉంటుంది. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజుల్లో మెట్‌ఫార్మిన్ వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

థైరాయిడ్ డోసు 150కి ఇప్పుడే పెంచవద్దు. సరిగా వేసుకోవడం మొదలుపెట్టాక ఈ 125 మైక్రోగ్రాములే ఎక్కువ కావచ్చు. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి, వేళలు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు. ఈలోగా గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆగకుండా వెంటనే చూపించండి. అయితే వణుకు వచ్చినప్పుడు ముందు షుగర్ చూడటం మరచిపోవద్దు. ఇంత చేసినా టీఎస్‌హెచ్ దిగకపోతే, మందు పీల్చుకోనివ్వని కడుపు, పేగు జబ్బుల కోసం వెతకాలి. అప్పుడు ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి. ఆయన దగ్గరకు వెళ్లేటప్పుడు మందుల చీటీ ఒక్కటే కాకుండా, ఏ మాత్ర ఎన్ని గంటలకు, దేనితో వేసుకుంటున్నారో రాసి తీసుకెళ్లండి.