మనసులో మాట నోటిదాకా

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే బాధ చుట్టూ తిరిగాయి. లోపల నిండుగా ఉన్నది బయటికి చెప్పలేకపోవడమే ఆ బాధ. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాను. రాసినవారిని గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు తీసివేశాను.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. ఇప్పుడు బాగా తెలిసిన మనిషి పేరు కూడా నోట్లో ఆడుతుంది తప్ప బయటికి రాదు. ఏ విషయం మీదనైనా స్పష్టంగా ఉన్న అభిప్రాయం చెప్పబోయేసరికి ముక్కలు ముక్కలైపోతుంది. ఆలోచన ఉన్నప్పుడు మాట ఎందుకు ఉండదు? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఆలోచనా మాటా ఒకటి కావు. ఒకదాని నుంచి రెండోదానికి చేరడానికి మధ్యలో దారి ఉంది. మన పెద్దలు ఈ సంగతి చాలా ముందే గమనించారు. పాణిని పేరిట ప్రచారంలో ఉన్న ‘పాణినీయ శిక్ష’ మాట పుట్టుకను వరుసగా చెబుతుంది. ఆత్మ బుద్ధితో కలిసి అర్థాలను కూర్చుకుంటుంది, చెప్పాలనే కోరికతో మనసును పురమాయిస్తుంది, మనసు దేహంలోని అగ్నిని తాకుతుంది, ఆ అగ్ని వాయువును కదిలిస్తుంది, ఆ వాయువు రొమ్ములో సంచరిస్తూ స్వరాన్ని పుట్టిస్తుంది. ‘చెప్పాలనే కోరిక’కు అక్కడ వాడిన మాట ‘వివక్ష’. ఈనాటి తెలుగులో ఆ మాట వినగానే కులవివక్ష, లింగవివక్ష గుర్తుకు వస్తాయి గానీ, దాని మొదటి అర్థం ఇదే. వ్యాకరణవేత్త భర్తృహరి ‘వాక్యపదీయం’లో వాక్కుకు మూడు దశలు చెప్పాడు. పశ్యంతిలో భావం ముందువెనుకలు లేకుండా ఒక్క ముద్దగా ఉంటుంది, మధ్యమలో లోలోపలే వరుస ఏర్పడుతుంది, వైఖరిలో ధ్వనిగా బయటపడుతుంది. మీ అభిప్రాయం ‘స్పష్టంగా ఉంది’ అని మీకు అనిపిస్తున్నది పశ్యంతిలోనే. అక్కడ అంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. చెప్పేటప్పుడు మాత్రం ఒకదాని తరువాత ఒకటి పేర్చాలి, ముక్కలయ్యేది ఆ పేర్చడంలోనే.

ఆధునిక పరిశోధకులు ఇదే దారిని మరో విధంగా కొలిచారు. నెదర్లాండ్స్‌లోని నైమెకన్‌లో పనిచేసిన విల్లెమ్ లెవెల్ట్ 1989లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ముందు చెప్పదలచిన భావం సిద్ధమవుతుంది, తరువాత దానికి తగిన పదం ఎంపికవుతుంది, ఆ తరువాతే పదానికి ధ్వనిరూపం వస్తుంది. ఒక బొమ్మను చూసి దాని పేరు చెప్పడానికి మనిషికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. మామూలు మాటల్లో మనం సెకనుకు రెండు మూడు పదాలు పలుకుతాము. ఇంత వేగంలో ఎక్కడో ఒకచోట తట్టుకోవడం వింత కాదు. పేరు ‘నోట్లో ఆడడం’ అంటే పదం ఎంపికైంది, ధ్వని ఇంకా చేతికి రాలేదని అర్థం. 1966లో హార్వర్డ్‌లో బ్రౌన్, మెక్‌నీల్ చేసిన ప్రయోగంలో, అరుదైన మాటల అర్థాలు విని, మాట గుర్తుకు రాక తన్నుకులాడుతున్నవారు కూడా దాని మొదటి అక్షరాన్ని, అందులో ఎన్ని అక్షరాంశాలు (సిలబుల్స్) ఉన్నాయో చాలాసార్లు సరిగానే చెప్పగలిగారు. అందువల్ల పేరు రానప్పుడు దానితో కుస్తీ పట్టకండి. ‘మన బడిలో లెక్కలు చెప్పిన పొడుగాయన’ అంటూ చుట్టూ తిరిగి మాట్లాడండి, పేరు తనంతట తానే వస్తుంది. వయసు పెరిగేకొద్దీ పేర్ల విషయంలో ఈ తడబాటు పెరగడం సహజమే. పేరు కాదు, వస్తువు దేనికి పనికొస్తుందో కూడా మరచిపోతున్నట్లయితే మాత్రం నరాల వైద్యుడికి చూపించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆరు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నడక కొంత వచ్చింది, మాట రాలేదు. ఏది అడిగినా ‘అదే... అదే’ అంటారు. మాకు అర్థం కాకపోతే కన్నీళ్లు పెట్టుకుంటారు. అయితే పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి శ్లోకం తప్పు లేకుండా చదువుతారు. అది విన్న బంధువులు ‘మాట ఉంది, పంతానికి మాట్లాడటం లేదు’ అంటున్నారు. ఇంకొందరు మతి పోయిందంటున్నారు. ఏది నిజం? (ఒక కూతురు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, రెండూ నిజం కాదు. ఈ మాట మీ బంధువులందరికీ వినిపించేలా చదివి చెప్పండి.

చాలామందిలో భాషకు సంబంధించిన పని మెదడు ఎడమ భాగంలో జరుగుతుంది. శరీరం కుడి పక్కను నడిపించేదీ ఆ భాగమే. కుడి చెయ్యి, మాట ఒకేసారి దెబ్బతినడానికి కారణం ఇదే. ఈ మాట పోవడాన్ని వైద్యులు అఫేజియా అంటారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు లెబోర్న్ అనే రోగి మెదడును పరీక్షించి, మాటకు మెదడు ముందుభాగంతో సంబంధం ఉందని లోకానికి చెప్పాడు. ఆ రోగి ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏది అడిగినా ‘టాన్’ అనే ఒక్క మాటే, అదీ రెండేసిసార్లు, పలికేవాడు. చుట్టూ ఉన్నవారు అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. కానీ ఎదుటివారు చెప్పేది చాలావరకు అతనికి అర్థమయ్యేది, అంకెల జవాబులు ఎడమచేతి వేళ్లతో చూపించేవాడు. కోపం ముదిరినప్పుడు మాత్రం ఒక తిట్టు పూర్తిగా బయటికి వచ్చేది. మీ నాన్నగారి ‘అదే’ వెనుక కూడా మీకు వినిపించని వాక్యాలు ఉన్నాయి. మీకు అర్థం కాలేదని ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం మతి పోయిందనడానికి గుర్తు కాదు.

శ్లోకం సంగతికి వస్తే, కంఠస్థమై వేలసార్లు పలికినవి, అంటే శ్లోకాలు, చిన్ననాటి పద్యాలు, వారాల పేర్లు, ఎక్కాలు, తిట్లు, ఒకదాని వెంట ఒకటి జారివచ్చే గొలుసుల వంటివి. వాటికి కొత్తగా పదాన్ని వెతికి వాక్యం అల్లవలసిన పని లేదు. ‘నాకు కళ్లజోడు ఇవ్వు’ అనడానికి ఆ పని మొత్తం కావాలి. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన పూర్వం బస్సు కండక్టరు. మనవరాలి వయసు ఎంత అని అడిగితే జవాబు చెప్పలేకపోయేవారు. ఒకరోజు ఒడిలో ఎడమచేతి వేళ్లు ముడుస్తూ ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు’ అని లెక్కపెట్టి, ఐదు దగ్గర ఆగి, నా వైపు చూసి తల ఊపారు. ఆ రోజు నుంచి గడియారం, మందు బిళ్లలు, బజారు లెక్క, అన్నీ ఆ మెట్ల మీదుగానే చెప్పడం మొదలుపెట్టారు. మీ నాన్నగారి శ్లోకం పంతానికి సాక్ష్యం కాదు, చికిత్సకు దొరికిన మొదటి మెట్టు. 1970ల తొలినాళ్లలో బోస్టన్‌లో రూపొందిన ఒక పద్ధతిలో, అవసరమైన చిన్న వాక్యాన్ని హెచ్చుతగ్గులుగా రెండు స్వరాల రాగంలో పలికిస్తూ, ప్రతి అక్షరానికీ ఎడమచేతితో తాళం వేయిస్తారు. ‘నీళ్లు కావాలి’ అన్నది ముందు పాటగా వచ్చి, నెమ్మదిగా మాటగా మారుతుంది. అందరికీ ఇది పనిచేయదు, ఎవరికి తగునో స్పీచ్ థెరపిస్టు చూసి నిర్ణయించాలి.

ఇంట్లో మీరు చేయవలసింది ఎక్కువే ఉంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి. ‘ఏం కావాలి?’ అనే బదులు ‘కాఫీయా, మజ్జిగా?’ అని అడిగి రెండు గ్లాసులూ చూపించండి. అడిగిన తరువాత మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగండి. మనకు అది చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, ఆయనకు అంత సమయమూ కావాలి. ఆయన వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి, అర్థం కానప్పుడు అర్థమైనట్లు నటించకండి. అర్థం కాలేదు, ఇంకోసారి ప్రయత్నిద్దాం అని నిజం చెప్పండి. చెవుడు వచ్చినవారితో మాట్లాడినట్లు గట్టిగా అరవకండి, చిన్నపిల్లలతో మాట్లాడినట్లు ముద్దుముద్దుగా మాట్లాడకండి. ఆయన ఎదుటే ఆయన గురించి మూడో మనిషితో మాట్లాడే అలవాటు ఇళ్లలో చాలా త్వరగా వచ్చేస్తుంది, దాన్ని ఈ రోజే మానేయండి. అన్నీ అర్థమవుతున్న మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజమే గానీ, ఆ తరువాత తలుపులు మూసుకుపోతాయన్నది నిజం కాదు. ఏళ్ల తరువాత కూడా సాధనతో మాటలు తిరిగి వచ్చినవారున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. దగ్గరలో ఎవరికైనా చూపించుకునేటట్లయితే వారికి, ఈ వృత్తి నిపుణులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఇంకొక్క మాట. ఎవరికైనా హఠాత్తుగా మాట తడబడినా, నోరు ఒక పక్కకు వంకరపోయినా, తెల్లవారాక చూద్దామని ఆగకండి. రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో రోజుకు పదిసార్లు సారీ చెబుతాను. గత నెల ఫోనులో అమ్మ మీద విసుక్కుని చాలా కఠినంగా మాట్లాడాను. సారీ అంటే తేలికైపోయినట్లుంది, ‘క్షమించు’ అంటే నాటకం డైలాగులా ఉంది. తెలుగులో మనసు విప్పి చెప్పడానికి మాటలు లేవా? (ఒక పాఠకుడు)

జవాబు: సారీ తేలికగా ఉండడం మీ ఊహ కాదు. 2003లో అమెరికాలో క్యాథరిన్ హ్యారిస్ బృందం, టర్కిష్ మాతృభాషగా ఉండి తరువాత ఇంగ్లీషు నేర్చుకున్నవారికి రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, వారి చర్మంలో కలిగే విద్యుత్ మార్పును కొలిచింది. చిన్నప్పుడు పెద్దలు గద్దించే మాటలు టర్కిష్‌లో విన్నప్పుడు ఒంట్లో కలిగిన కదలిక, అవే ఇంగ్లీషులో విన్నప్పుడు అంతగా కలగలేదు. ఒళ్లో కూర్చుని నేర్చుకున్న భాష ఒంటిని పట్టుకుంటుంది. మీరు తేలికైన భాషను ఎంచుకున్నది బరువు తప్పించుకోవడానికే కావచ్చు. నేను దాన్ని తప్పు పట్టను, కానీ అమ్మ దగ్గర ఆ బరువు మోయవలసిందే.

‘క్షమించు’ మన ఇళ్లలో ఎవరూ అనరు. అది పుస్తకాల మాటగా, వేదికల మాటగా ఉండిపోయింది. అయినంత మాత్రాన తెలుగుకు నోరు లేదనుకోకండి. ‘నాది తప్పమ్మా’, ‘నోరు జారాను’, ‘అలా అనకుండా ఉండాల్సింది, అనేశాను’, ‘మనసులో పెట్టుకోకు’, ఇవన్నీ వంటింట్లో పుట్టిన క్షమాపణలే. వీటిలో చేసిన పని ఏమిటో కూడా ఉంది, అది సారీలో లేదు. భావాల విషయంలోనైతే మన భాష సంపన్నురాలు. బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు. అలక మనవాళ్లు అనుకున్నవారి మీదే వస్తుంది, ఉక్రోషంలో ఓడిపోయిన బాధ కలిసి ఉంటుంది. మనసు చివుక్కుమంటుంది, గుండె ఝల్లుమంటుంది, కడుపు తరుక్కుపోతుంది, ప్రాణం ఉసూరుమంటుంది. ‘నేను బాధపడుతున్నాను’ అని అందరూ ఒకే సంచిలో వేసుకుంటున్న దాన్ని ఈ మాటలతో విడదీసి చూసుకోండి. భావానికి పేరు పెట్టడం వల్ల ఒరిగేది ఉంది. 2007లో లాస్ ఏంజెలిస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం జరిపిన పరిశోధనలో, కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూస్తూ ఆ భావానికి పేరు చెప్పినప్పుడు, మెదడులో భయాందోళనలకు స్పందించే అమిగ్డలా ఉద్ధృతి తగ్గినట్లు కనిపించింది.

ఈ ఆదివారం ఫోను చేయండి. అటూ ఇటూ తిప్పకుండా, ‘అమ్మా, ఆ రోజు పని చిరాకంతా నీ మీద చూపించాను, నాది తప్పు’ అనండి. ఆ తరువాత ‘కానీ నువ్వు కూడా...’ అని మొదలుపెట్టకండి. ఆమె ‘సర్లే, తిన్నావా?’ అంటుందేమో. అది మాట దాటవేయడం అనుకోకండి, మీరు చెప్పినది ఆమెకు చేరింది.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చిన పెళ్లి సంబంధం ఇప్పుడే వద్దని, పీజీ చదువుతానని నాన్నకు చెప్పాలి. ఎదురుగా నిలబడగానే గొంతు పూడుకుపోతుంది. ముందే రాసుకుని చెప్పడం తప్పా? (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: ఎంతమాత్రం తప్పు కాదు. అయితే రాసుకున్నదాన్ని మనసులో చదువుకుంటే చాలదు. మేడ మీదకు వెళ్లి గట్టిగా నాలుగైదుసార్లు పలకండి. కాగితం మీద సాఫీగా ఉన్న వాక్యం నోటికి ఎక్కడ తగులుతుందో పలికితే గానీ తెలియదు. మొత్తం బట్టీ పట్టకండి, మొదటి వాక్యం ఒక్కటి నోటికి రావాలి. ‘నాన్నా, నీతో ఒక మాట చెప్పాలి, పూర్తయ్యేదాకా విను’ అన్నది చాలు. నలుగురి మధ్య కాకుండా, ఆయన భోజనం చేసి తీరికగా కూర్చున్న వేళ చూసుకోండి, నిలబడి కాదు, పక్కన కూర్చుని చెప్పండి. అప్పటికీ గొంతు పెగలకపోతే ఆ కాగితాన్నే ఆయన చేతికి ఇచ్చి, చదివేదాకా అక్కడే ఉండండి.