అచ్చుకు తొందరపడొద్దు, కోడలా

అనంతపురం

చిరంజీవి కోడలికి మామ ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందింది. నేను చదివినాక మీ అత్త కూడా చదివింది. ఎక్కడ అచ్చేయించాలి, ఎంతవుతుంది అని అడిగినావు. చెప్తా గానీ, ఇది ఇంకా అచ్చుకు సిద్ధం కాలేదు. ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం.

నీ నవల 41వ పేజీలో మొదలవుతుంది. కల్యాణదుర్గం బస్టాండులో ఆ తల్లి సంచి సర్దుకుని బెంగళూరు బస్సెక్కే చోట. అంతకు ముందున్న 40 పేజీలూ ఊరి చరిత్ర, ఎండిన బోర్లు, శనక్కాయ పంట పోయిన ఏళ్ల లెక్క. అవన్నీ నీకు తెలిసుండాలి. చదివేవాళ్లకు గుమ్మంలోనే అప్పజెప్పనక్కర్లేదు. మన సీమలో మొదటి నవల రాసేవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ. కరువు మీద వ్యాసం రాసి, దానికి మనుషుల్ని తగిలిస్తాం. నాలుగో బోరు వేయించడానికి రిగ్గు బండికి కట్టిన డబ్బు ఎవరి మెడలోంచి వచ్చిందో 90వ పేజీలో ఒక్క వాక్యంలో రాసినావే, అది చాలు. ఆ వాక్యం ఉన్నాక ముందరి 40 పేజీలకు పనేముంది? చించేయమనను. వేరే ఫైల్లో దాచుకో, ఎక్కడైనా రెండు ముక్కలు పనికొస్తాయి.

తీయాల్సిన చోట అంత రాసి, రాయాల్సిన చోట పరిగెత్తినావు. బెంగళూరులో రెండేళ్లు ఒక్క పేరాలో అయిపోయినాయి! రేకుల షెడ్డులో తొలి రాత్రి ఎట్లా గడిచింది? నీళ్లు ఎక్కడ పట్టుకున్నారు? బటవాడా రోజు మేస్త్రీ ఆమె కూలిలో ఎంత పట్టుకున్నాడు, ఏం చెప్పి పట్టుకున్నాడు? నవల అంతా అక్కడుంది. మీ వీధిలో ఆ పనికి పోయొచ్చిన ఆడవాళ్లు ఉంటారు. ఒకామెను కూర్చోబెట్టి ఆ అధ్యాయం గట్టిగా చదివి వినిపించు. ఎక్కడ "అట్లుండదమ్మా" అంటుందో రాసుకో. సాహిత్యం తెలిసినవాళ్ల దగ్గరికి ఆ తర్వాత పోవచ్చు. వాళ్లు నీకు శిల్పం గురించి చెప్తారు, మేస్త్రీ గురించి చెప్పలేరు.

ఇంకోమాట. అవ్వ ఒక పేజీలో "పోతాండారు" అంటుంది, ఇంకో పేజీలో "పోతున్నారు" అంటుంది. ఎవరు ఎట్లా మాట్లాడతారో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుని, చివరిదాకా దానికి కట్టుబడు. లేకుంటే ప్రూఫులు దిద్దే ఆయన అన్నీ ఒకే మూసలో పోసేస్తాడు, అది ఆయన తప్పు కాదు. ఆ వడ్డీ వ్యాపారి సంగతి కూడా చూడు. పేరు మార్చినంత మాత్రాన ఊరు గుర్తుపట్టదా? కొట్టు, వీధి, కుంటికాలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టినావు. ఆయన కాలు బాగుచెయ్యి, వ్యాపారం మార్చు. పాత్రకు నష్టం లేదు, నీకు నిద్ర పడుతుంది.

సరే, అచ్చు సంగతి. నవలలు మామూలుగా వచ్చే డెమ్మీ 1/8 సైజులో ఫారానికి, అంటే అచ్చుకెళ్లే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. 240 పేజీలకు 15 ఫారాలు సరిపోతాయి. నాలుగు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారం మీద పడుతుంది కాబట్టి ముందుమాటలతో సహా లెక్కేసుకో. ఒక్క ముందుమాట చాలు, మూడు వద్దు. నువ్వు యూనికోడులో టైపు చేసినావు. డీటీపీ వాళ్లు దాన్ని యూనికోడు కాని 'అను' ఫాంటులోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి, కాబట్టి ఫాంటు మార్చిన తర్వాతే ప్రూఫు చూడాలి, అదీ కాగితం మీద. ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్యకు, ఎవరికీ పైసా ఇవ్వొద్దు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితలే సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

సొంత ఖర్చుతో వేస్తే 300 కాపీలకు మించొద్దు. 200 రూపాయల పుస్తకానికి అమ్మేవాళ్ల కమీషన్ 40 శాతం అనుకో, నీ చేతికొచ్చేది 120. అందులోనే అచ్చు ఖర్చూ, పార్సిలు ఖర్చూ. వెయ్యి కాపీలు వేసి మంచం కింద పేర్చుకున్నవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.

ప్రచురణకర్త ముందుకొస్తే సంతోషమే, కానీ నోటిమాట వద్దు. కాపీరైటు నువ్వు రాసిన క్షణమే నీది, నీ తర్వాత 60 ఏళ్లు నీ వారసులది. నువ్వు రాసిచ్చే కాగితంలో తెలుగు అచ్చు హక్కు ఒక్కటే ఉండాలి, ఎన్నేళ్లకో ఉండాలి. గడువు రాయకపోతే 1957 కాపీరైటు చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కగడుతుంది. సినిమా, ఆడియో, అనువాదం నీ దగ్గరే ఉంచుకో. 'సర్వహక్కులు' అని కనబడితే సంతకం పెట్టకుండా నాకు ఫోను చెయ్యి.

తానా లాంటి అమెరికా తెలుగు సంఘాల నవలల పోటీ ఏదైనా పడితే పంపు. ఇలాంటి పోటీలు సాధారణంగా ఎక్కడా రాని రచననే అడుగుతాయి, కాబట్టి ఫేస్‌బుక్‌లో అధ్యాయాలు పెట్టే పని ఆపు. లైకులు ఎన్నొచ్చినాయో మీ అత్తతో చెప్పినావంట, విన్నాను.

ఆవిష్కరణ సభ గురించి నా అభిప్రాయం నీకు నచ్చదు. హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు అన్నీ కలిపితే వందమందికి పుస్తకం ఉచితంగా పోస్టు చేయొచ్చు. సభకొచ్చినవాళ్లు శాలువా ఫొటో తీస్తారు, పుస్తకం కొనరు. పోస్టులో అందుకున్న వందమందిలో పదిమంది చదివి నలుగురికి చెప్పినా నీకు లాభమే. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రెండు కాపీలు చేత్తో ఇచ్చిరా. ప్రచురణకర్తవు నువ్వే అయితే, గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చట్టంలో చెప్పిన మిగతా గ్రంథాలయాలకూ 30 రోజుల్లో కాపీలు పంపాలి. ఈ పని చాలామంది ఎగ్గొడతారు. నువ్వు పంపు.

ఉగాదికే రావాలని పట్టుపట్టొద్దు. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు, పుస్తకాలు కొనే జనం వచ్చేది ఆ పండగలకే. దసరాకు ప్రూఫులు ముగిస్తే చాలు. అంతకు ముందు ఆ షెడ్డు అధ్యాయం తిరగరాసి పంపు. టైపు చెయ్యక్కర్లేదు, చేతిరాత అయినా మీ అత్త చదువుతుంది.

ఇట్లు,
మామ