చిన్న చేతులకు ఏ క్యాలిబర్ సరిపోతుంది? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ చేతులు చిన్నవి. స్నేహితుడి .45 పిస్టల్‌ని రెండుసార్లు కాల్చారు. మణికట్టు నొప్పి పుట్టింది, తూటాలన్నీ టార్గెట్‌లో కిందికే పడ్డాయి. ఇప్పుడు మీకంటూ ఒక హ్యాండ్‌గన్ తీసుకోవాలి, ఏ క్యాలిబర్‌ది, అంటే ఏ సైజు తూటాది అన్నదే సందేహం. 9 ఎంఎం అంటే "దానికి బలం చాలదు" అని అందరూ భయపెడుతున్నారు.

ఇందులో నన్ను ఆపింది బలం మాట కాదు, తూటాలు కిందికి పడుతున్నాయన్న మాట. నాకూ అచ్చం అలాగే జరిగింది.

నేను .45 ఏసీపీతోనే మొదలుపెట్టాను. తూటా ఎంత పెద్దదైతే అంత మేలని ఎవరో చెబితే నమ్మాను. ఏడాది గడిచినా పది మీటర్ల దూరంలో నా తూటాలు గురిచూసిన చోటుకి కిందగా, ఎడమగా పడేవి. నాది కుడిచేతి వాటం. తుపాకీ మీద గురిచూసే సైట్లు పక్కకి జరిగాయేమో అనుకుని వాటిని సరిచేయించాను కూడా. చివరికి రేంజ్‌లో ఒక కోచ్ నా మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) తీసుకుని, నాకు కనపడకుండా అసలు తూటాల మధ్య రెండు డమ్మీ రౌండ్లు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కలిపి ఇచ్చారు. మొదటి రెండూ పేలాయి. మూడోది పేలలేదు. కానీ పిస్టల్ మూతి మాత్రం గబుక్కున నేలవైపు వంగింది. అంటే తూటా బయటికి రాకముందే నా చెయ్యి, పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే తన్నుకి భయపడి తుపాకీని కిందికి తోసేస్తోంది. దీన్నే ఫ్లించ్ అంటారు. మీకు జరుగుతున్నదీ అదేనని నా నమ్మకం. వీలైతే ఈ డమ్మీ పరీక్ష మీరూ చేయించుకోండి, అయిదు నిమిషాల పని.

తన్ను ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం లెక్కలోకి వెళ్దాం. తూటా బరువు, దాని వేగం, ఈ రెండూ కలిసి ఎంత ఊపు ముందుకి పోతే అంత ఊపు మీ చేతిలోకి వెనక్కి వస్తుంది. .45 ఏసీపీలో మామూలు తూటా 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు. సెకనుకి సుమారు 255 మీటర్ల వేగంతో పోతుంది. 9 ఎంఎంలో 115 గ్రెయిన్ల తూటా అందులో సగం బరువు, వేగం సుమారు 350 మీటర్లు. గుణించి చూడండి, .45 ఇచ్చే ఊపు దాదాపు ఒకటిన్నర రెట్లు. .22 ఎల్ఆర్ తూటా రెండున్నర గ్రాముల పైచిలుకు అంతే. దాని ఊపు 9 ఎంఎంలో మూడో వంతు కూడా ఉండదు.

అయితే క్యాలిబర్ సగం కథే. మిగతా సగం తుపాకీ బరువు. ఈ సంగతి నాకు మా చెల్లెలి వల్ల తెలిసింది. తనవీ చిన్న చేతులే. "చిన్న చేతికి చిన్న తుపాకీ" అని నేనే ఒక బుల్లి .380 పిస్టల్ ఇప్పించాను. పది తూటాలు కాల్చి పక్కన పెట్టేసింది, బొటనవేలి మొదట్లో చర్మం కందిపోయింది. తర్వాత అదే రోజు పెద్ద ఉక్కు ఫ్రేమ్ ఉన్న 9 ఎంఎం ఇస్తే హాయిగా యాభై కాల్చింది. కారణం ఉంది. ఆ తరహా .380 పిస్టళ్లు కొన్నింటిలో స్లయిడ్‌ని (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగాన్ని) ఆపేది స్ప్రింగూ దాని బరువూ మాత్రమే, తన్ను ఒక్కసారిగా చేతికి తగులుతుంది. 9 ఎంఎంలో ఎక్కువ పిస్టళ్లకి బారెల్ (తూటా బయటికి పోయే గొట్టం), స్లయిడ్ కొంత దూరం కలిసి వెనక్కి వచ్చాకే విడిపోతాయి, అందుకని అదే తన్ను కాస్త పరుచుకుని వస్తుంది. పైగా గట్టి స్ప్రింగ్ వల్ల ఆ బుల్లి తుపాకీ స్లయిడ్ లాగడానికే తను చాలా కష్టపడింది. అర కిలో కూడా తూగని పొట్టి రివాల్వర్లలో .38 స్పెషల్ కాల్చినా ఇదే పరిస్థితి. దుకాణంలో ముద్దుగా కనిపించేవే చేతిని ఎక్కువ బాధపెడతాయి.

చెయ్యి సరిపోవడం అంటే ఇంకోటి కూడా చూడాలి. ఖాళీ తుపాకీని, అది ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన దిక్కుకి పట్టుకోండి. బారెల్ మీ ముంజేతితో ఒకే గీతలో ఉండగా చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. రాకపోతే పిడి మీకు లావు. క్యాలిబర్ ఏదైనా ఆ తుపాకీ మీది కాదు. .45 మ్యాగజైన్‌లో తూటాలు రెండు వరసలుగా ఉంటే పిడి మరీ లావవుతుంది. మీ స్నేహితుడిది అలాంటిదేనేమో చూడండి.

ఇక "9 ఎంఎం చాలదు" అన్న మాటకి వస్తాను. ఈ మాట ఎక్కువగా 1986లో అమెరికాలోని మయామీలో ఎఫ్‌బీఐ (అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ) ఏజెంట్లకీ దొంగలకీ మధ్య జరిగిన కాల్పుల నుంచి వచ్చింది. అక్కడ 9 ఎంఎం తూటా తగినంత లోతుకి పోలేదని ఎఫ్‌బీఐ పెద్ద క్యాలిబర్ల వైపు వెళ్లింది. 1990లో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ తూటా ఆ దారిలో పుట్టిందే. తర్వాత తూటాల తయారీ మెరుగుపడింది. శరీరానికి బదులు పరీక్షకి వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు అన్న వాళ్ల ప్రమాణాన్ని మంచి 9 ఎంఎం తూటాలు అందుకున్నాయి. ఏజెంట్లలో ఎక్కువమంది 9 ఎంఎంతోనే వేగంగా, గురిగా కాలుస్తున్నారని కూడా చూసి అదే సంస్థ తిరిగి దానికే వచ్చింది. రోజూ తుపాకీతో పనిచేసేవాళ్లే అలా అనుకున్నాక, మీ ముందు .45 గురించి ఎవరు గొప్పలు చెప్పినా బెంగపడకండి.

రివాల్వర్ ఇష్టమైతే .357 మాగ్నమ్‌కి తయారైన బరువైన దాన్ని తీసుకుని, అందులో .38 స్పెషల్ కాల్చుకోవచ్చు. .38 స్పెషల్ తూటాలు .357 రివాల్వర్‌లో సరిపోతాయి. .38 తుపాకీలో .357 మాత్రం ఎప్పుడూ వాడకూడదు. వేళ్లలో బలం తక్కువై స్లయిడ్ లాగలేనివాళ్లకి ఇది మంచి దారి, కాకపోతే డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (ఒకే నొక్కుతో సుత్తిని వెనక్కి లాగి వదిలేది) బరువుగా ఉంటుంది.

నేను ఫ్లించ్ పోగొట్టుకోవడానికి నాలుగు నెలలు .22 తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. అప్పుడు కొంత అవమానంగా అనిపించింది, కానీ ట్రిగ్గర్ నొక్కడం అప్పుడే నేర్చుకున్నాను. తూటాల ఖర్చు తక్కువ కాబట్టి రోజుకి వంద కాల్చగలిగేవాణ్ణి. చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోమని కోచ్ చెప్పారు. ఫ్లించ్‌లో సగం భయం చప్పుడుదే అని అప్పుడు తెలిసింది. .22 కూడా వినికిడిని దెబ్బతీసేంత చప్పుడు చేస్తుంది.

కొనేముందు మీ చట్టం, లైసెన్సు ఏ క్యాలిబర్లని ఒప్పుకుంటాయో చూసుకోండి. తర్వాత రేంజ్‌లో అద్దెకి దొరికితే ఒక .22, మధ్యస్థ సైజు 9 ఎంఎం ఒకటి తీసుకోండి. ఏడు మీటర్ల నుంచి అయిదు నిదానంగా, ఇంకో అయిదు వేగంగా, వేరువేరు కాగితాల మీద కాల్చండి. ఆ తర్వాత ముప్పై నలభై కాల్చి, చెయ్యి అలిసినప్పుడు మళ్లీ అయిదు. ఆఖరి కాగితం మీద తూటాలు మీ అరచేతంత చోటులో ఉంటే ఆ తుపాకీ మీదే. 9 ఎంఎంతో అవి కిందికి జారుతుంటే కొన్నాళ్లు .22తో ఉండండి, తొందరేమీ లేదు. మూడు కాగితాల మీద తూటాలు ఎటువైపు పడ్డాయో, ఏ తుపాకీతో కాల్చారో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.